పద్దెనిమిదేళ్ల ‘పెద్దలు’: మార్మన్ మిషనరీల రెండేళ్ల లెక్క

అమెరికాలో అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగువాళ్లకి ఇది కొత్త కాదు. శనివారం మధ్యాహ్నం భోంచేసి అలా నడుం వాల్చగానే బెల్ మోగుతుంది. తలుపు తీస్తే ఇద్దరు కుర్రాళ్లు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బ్యాడ్జీ. మీసం కూడా సరిగ్గా రాని వయసు, కానీ బ్యాడ్జీ మీద ఇంటిపేరుకి ముందు ‘ఎల్డర్’ అని ఉంటుంది. ఎల్డర్ అంటే పెద్ద. ఇద్దరి బ్యాడ్జీల మీదా అదే మాట చూసి అన్నదమ్ములేమో అనుకునేవాళ్లూ ఉంటారు. మనవాళ్లు మర్యాదకి మంచినీళ్లిచ్చి, “మేం హిందువులమండీ” అనో “మాకు మా చర్చి ఉందండీ” అనో చెప్పి పంపేస్తారు. అసలు ప్రశ్నలు తలుపు వేశాక మొదలవుతాయి. వీళ్లకి జీతం ఎంతిస్తారు? కాలేజీకి వెళ్లాల్సిన వయసులో ఈ తిరుగుడేంటి? ఇన్ని తలుపులు తడితే ఎంతమంది మతం మారతారు?

మొదటి ప్రశ్నకి జవాబు సులువు. జీతం లేదు, ఎదురు డబ్బు కట్టాలి. మూడో ప్రశ్నకి జవాబు చూస్తే ‘మరి ఎందుకీ కష్టం?’ అనిపిస్తుంది. ఆ రెండింటి మధ్యలోనే అసలు కథంతా ఉంది.

ముందు ఎవరు వీళ్లు అన్నది. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు స్థాపించిన చర్చి ఇది. ఇప్పుడు ప్రధాన కార్యాలయం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో ఉంది. అసలు పేరు ‘ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లేటర్-డే సెయింట్స్’. బైబిల్‌తో పాటు మార్మన్ గ్రంథాన్నీ పవిత్రంగా చూస్తారు కాబట్టి జనం మార్మన్లు అన్నారు. ఆ ముద్దుపేరు వాడొద్దని 2018లో చర్చి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ గట్టిగానే చెప్పారు గానీ, బయటివాళ్ల నోట అది పోలేదు. ఈ వ్యాసంలోనూ పోలేదు. ఇంకో మాట: ఇంటింటికీ తిరిగి పత్రికలు ఇచ్చే యెహోవా సాక్షులు వేరు, వీళ్లు వేరు. మనవాళ్లు ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తుంటారు.

2024 చివరికి ఈ చర్చి సభ్యులు కోటీ 75 లక్షల మంది. అప్పటికి ప్రపంచమంతా తిరుగుతున్న మిషనరీలు 74 వేలకు పైనే. అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర పనిచేస్తారు. అబ్బాయిల కనీస వయసు 2012 దాకా 19 ఉండేది, దాన్ని 18 చేశారు. అమ్మాయిలకి 21 నుంచి 19 అయి, ఆ తర్వాత అదీ 18కి వచ్చింది. అబ్బాయిలకి ఇది దాదాపు తప్పనిసరి బాధ్యత, అమ్మాయిలకి ఇష్టమైతేనే. ఈ తేడా గురించి ఆ సమాజంలోనే చాలా చర్చ నడుస్తుంటుంది.

ఇక డబ్బు. అమెరికా లాంటి దేశాల నుంచి వెళ్లేవాళ్లు 2020 జులై నుంచి నెలకి 500 డాలర్లు కడుతున్నారు, అంతకు ముందు 400. ఎక్కడికి పంపినా అదే మొత్తం. టోక్యోకి వెళ్లినవాడి తండ్రికి బరువెక్కువ, ఏ చవక దేశానికో వెళ్లినవాడి తండ్రికి తక్కువ అన్న గొడవ లేకుండా అందరి డబ్బూ ఒక కుండలో వేసి ఖర్చుపెడతారు. రెండేళ్లకి 12 వేల డాలర్లు, మన లెక్కలో పది లక్షల పైచిలుకు. కొందరు చిన్నప్పటి నుంచే మిషన్ కోసమని డబ్బు దాచుకుంటారు. కొందరికి అమ్మానాన్నలు కడతారు. పేద దేశాల వాళ్లకి చర్చి నిధి నుంచి సాయం అందుతుంది.

డబ్బు కట్టేది వాళ్లే అయినా దేశం ఎంచుకునే హక్కు మాత్రం వాళ్లకి ఉండదు. దరఖాస్తు, డాక్టర్ పరీక్షలు, ఊరి సంఘానికి పెద్ద అయిన బిషప్‌తో ఇంటర్వ్యూ అయ్యాక సాల్ట్ లేక్ సిటీ నుంచి ‘కాల్’ వస్తుంది. పన్నెండు మంది అపొస్తలుల మండలిలో ఒకరు ప్రార్థన చేసి, ఫలానా కుర్రాడిని ఫలానా చోటికి అని నిర్ణయిస్తారని వాళ్ల నమ్మకం. ఒకప్పుడు ఇది పోస్టులో పెద్ద తెల్ల కవరులో వచ్చేది, 2018 నుంచి ఫోన్‌కే వస్తోంది. చుట్టాలూ స్నేహితులూ హాల్లో కిక్కిరిసి కూర్చుంటారు, దూరాన ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో చూస్తుంటారు, గోడ మీద ప్రపంచ పటం పెట్టి ఎక్కడ పడుతుందో అంచనాలు వేస్తారు. మన ఇళ్లలో ఇంటర్ ఫలితాల రోజు ఉండే టెన్షన్ లాంటిదే. “బ్రెజిల్” అని చదివితే కేకలు, యూటా పక్క రాష్ట్రమే అయిన “ఐడహో” అని వస్తే ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత మర్యాదపూర్వకంగా చప్పట్లు.

ఒక కుర్రాడికి జపాన్ పడిందనుకుందాం. జపాన్‌ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ చర్చి అక్కడ అడుగుపెట్టింది 1901లో. అంతా కష్టమే అయి, 1924లో మూటా ముల్లే సర్దేసింది. యుద్ధం అయ్యాక 1948లో మళ్లీ వెళ్లింది. నూటపాతికేళ్ల చరిత్ర ఉన్నా, తలుపు తెరుచుకోవడం ఈరోజుకీ కష్టమే. మిషన్ అనేది లోపల ఎలా పనిచేస్తుందో చూడాలంటే పంట బాగా పండేచోటి కంటే ఇలాంటి మెట్టభూమే నయం.

మొదటి మజిలీ యూటాలోని ప్రోవో నగరంలో ఉన్న శిక్షణ కేంద్రం. అక్కడ 50కి పైగా భాషలు నేర్పుతారు. ఇంగ్లీషులోనే పనిచేసేవాళ్లు రెండు మూడు వారాల్లో బయటపడతారు, జపనీస్ లాంటి భాషైతే తొమ్మిది వారాల దాకా పడుతుంది. పుస్తకం ముందేసుకుని ఏడాది చదివే పద్ధతి కాదు. అక్షరాలు కూడా పూర్తిగా రాకముందే, మొదటి వారంలోనే ఒకరికి జపనీస్‌లో దేవుడి గురించి చెప్పమంటారు. తప్పులు దొర్లుతాయి, ముఖం ఎర్రబడుతుంది, మర్నాడు మళ్లీ చెప్పమంటారు. ఈత రాని పిల్లాణ్ణి బావిలోకి తోసి నేర్పే మన పల్లెటూరి పద్ధతన్నమాట.

జపాన్‌లో దిగగానే పిలుపు మారిపోతుంది. ఎల్డర్ అన్న మాటకి అక్కడ ‘చోరో’ అంటారు. మనం గ్రామపెద్ద అన్నప్పుడు కళ్ల ముందు మెదిలే మనిషి ఉంటాడు చూడండి, ఆ మాటకి జపనీయుడి కళ్ల ముందు మెదిలేదీ అలాంటి నెరిసిన గడ్డమే. ఆ పేరుతో, హెల్మెట్ పెట్టుకుని సైకిల్ తొక్కే పద్దెనిమిదేళ్ల పిల్లాడు వస్తాడు. అమ్మాయిలైతే ‘షిమై’, అంటే సిస్టర్. ఇంట్లో పిలిచే పేరు రెండేళ్లపాటు పక్కకి పోతుంది. కలిసి ఉండే స్నేహితులు కూడా ఎల్డర్ ఫలానా అనే పిలుచుకుంటారు.

ఉదయం ఆరున్నరకి లేవాలి. అరగంట వ్యాయామం, టిఫిన్, తర్వాత లేఖనాల చదువు, జతగాడితో కలిసి చదువు, భాష చదువు. పదీ పదకొండుకల్లా రోడ్డు మీద ఉంటారు. రాత్రి తొమ్మిది దాటాక గూటికి చేరి, రేపటి ప్లాన్ రాసుకుని పదిన్నరకి లైటు ఆర్పాలి. 2017లో ఈ టైమ్‌టేబుల్‌ని కాస్త సడలించారు, దేశాన్ని బట్టి గంటలు అటూ ఇటూ జరుపుకోవచ్చు. సినిమాలు, టీవీ, డేటింగ్, ఈత ఉండవు. పాటలు వినొచ్చు గానీ చర్చికి తగ్గవే వినాలి. ఫోన్ ఇస్తారు, ఫేస్‌బుక్ కూడా పని కోసం వాడతారు.

ఈత ఎందుకు వద్దన్నారో గానీ, ఈ నియమాలన్నిటిలో గట్టిది వేరే ఉంది: జతగాడు. మిషనరీ ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు. బాత్రూమ్ తప్ప మిగతా ప్రతిచోటా రెండోవాడు కంటికి ఆనాలి, మాట వినపడాలి. ఏసు తన శిష్యుల్ని ఇద్దరిద్దరుగా పంపాడని మార్కు సువార్తలో ఉంది, ఆధారం అదే. ఆచరణలో దీనికి ఇంకా ఉపయోగాలున్నాయి. కొత్త ఊళ్లో భద్రత ఉంటుంది, ఎవరైనా నింద వేస్తే సాక్షి ఉంటాడు, మనసు జారితే పట్టుకునేవాడు ఉంటాడు. నిఘా అని కూడా అనొచ్చు. జతగాణ్ణి ఎంచుకునే వీలుండదు. ఐడహో రైతు కొడుకుని బ్రెజిల్ కుర్రాడితో, ఒసాకా కుర్రాడితో కలిపేస్తారు. ఒకడికి గురక, ఇంకొకడికి గిన్నెలు కడగడం అలవాటు లేదు. ఆరు వారాలకోసారి ‘ట్రాన్స్‌ఫర్’ కబురు వస్తుంది. అప్పుడు జతలు మారొచ్చు, ఊళ్లు మారొచ్చు. అవతలివాడితో పడకపోతే ఆ ఆరు వారాలు గడవడం ఎంత కష్టమో హాస్టల్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే, హాస్టల్లో అలిగి బయటికి వెళ్లిపోవచ్చు, ఇక్కడ అలిగినా పక్కనే నడవాలి.

జూన్ నెల, ఫుకువోకా. అక్కడ అది వానాకాలం. ఇలాంటి సాయంత్రం ఒకటి ఊహించుకుందాం. సైకిళ్లు గోడకి ఆనించి ఇద్దరూ ఒక వీధిలో తలుపులు తడుతున్నారు. తలుపులంటే మాట వరసకి, నిజానికి ఇంటర్‌కమ్ బటన్లు. లోపల్నుంచి మెత్తగా “కెక్కో దెస్” అని వినిపిస్తుంది. ‘వద్దండీ, చాలండీ’ అన్నమాట. తిట్టరు, కసురుకోరు. అంత మర్యాదగా కాదంటే ఇంకో మాట మాట్లాడే సందే ఉండదు. పదో ఇంట్లోనో పదకొండో ఇంట్లోనో ఒక పెద్దావిడ తలుపు తీసింది. తడిసిన పిల్లల్ని చూసి అయ్యో అనుకుంది. మగ మిషనరీలు ఒంటరి ఆడమనిషి ఇంట్లోకి వెళ్లకూడదు కాబట్టి, చెప్పులు విడిచే గడప దగ్గరే నిలబడ్డారు. ఆవిడ లోపలికి వెళ్లి రెండు కప్పుల గ్రీన్ టీ తెచ్చింది.

వచ్చి పడింది చిక్కు. ఈ చర్చిలో టీ, కాఫీ, మందు, పొగాకు నిషేధం. గ్రీన్ టీ కూడా టీయేనని 2019లో చర్చి పత్రిక ఒకటి మళ్లీ తేల్చి చెప్పింది. ఇంటికొచ్చినవాళ్లు కాఫీ వద్దంటే మన అత్తయ్యలు ఎంత నొచ్చుకుంటారో, అక్కడా అంతే. పెద్ద జతగాడు తల వంచి, మా నియమం ఇదండీ, మంచినీళ్లు చాలు అని నచ్చజెప్పాడు. ఆవిడ కప్పులు తీసుకెళ్లి గోధుమరంగు చల్లటి పానీయంతో వచ్చింది. చిన్నవాడి గుండె మళ్లీ జారింది. అది ‘ముగిచా’, వేయించిన బార్లీ కాచిన నీళ్లు. పేరులో టీ ఉన్నా టీ ఆకు లేదు. తాగొచ్చు. తాగుతుంటే ఆవిడ టోక్యోలో ఉన్న మనవడి గురించి ఇరవై నిమిషాలు చెప్పింది. చిన్నవాడికి పది మాటల్లో ఒకటి అర్థమైంది. చివర్లో కరపత్రం తీసుకుని, “జాగ్రత్తగా వెళ్లండి బాబూ” అన్నట్టు ఏదో అంది. దేవుడి ఊసు ఎత్తిందే లేదు.

ఆ రాత్రి లెక్క రాసుకోవాలి. కొత్తగా ఎంతమందికి బోధించారు, ఎంతమంది ఆదివారం చర్చికి వచ్చారు, ఎంతమందికి బాప్తిస్మం తేదీ కుదిరింది అన్న అంకెలు వారం వారం పైకి వెళ్తాయి. జతల మీద డిస్ట్రిక్ట్ లీడర్, వాళ్ల మీద జోన్ లీడర్, అందరి మీదా భార్యతో కలిసి మూడేళ్లు ఉండే మిషన్ ప్రెసిడెంట్. మెడికల్ రెప్‌గా పనిచేసినవాళ్లకి ఈ ఏర్పాటు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ఆ పెద్దావిడని ఏ గడిలో రాయాలి?

అంకెల పిచ్చి ముదిరిన రోజులూ ఉన్నాయి. 1960ల మొదట్లో బ్రిటన్‌లో మిషనరీలు పిల్లల్ని బేస్‌బాల్ ఆడదాం రమ్మని పిలిచి, టీమ్‌లో చేరాలంటే ఇదీ ఉండాలన్నట్టు బాప్తిస్మాలు ఇచ్చేశారు. చాలామంది పిల్లలకి తాము ఏ చర్చిలో చేరారో కూడా తెలియదు. వాటికి ‘బేస్‌బాల్ బాప్తిస్మాలు’ అన్న చెడ్డపేరు నిలిచిపోయింది. పంతొమ్మిదేళ్లవాడికి టార్గెట్ ఇచ్చి, అది దేవుడి పనని కూడా చెబితే ఏం జరుగుతుందో దీన్ని బట్టి చూడొచ్చు.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. 2024లో ఈ చర్చిలోకి కొత్తగా మారినవాళ్లు 3 లక్షల 8 వేల మంది. మిషనరీలతో భాగిస్తే మనిషికి ఏడాదికి నలుగురు. అదీ సగటే. ఆఫ్రికాలో, ఫిలిప్పీన్స్‌లో, బ్రెజిల్‌లో చాలా ఎక్కువ. జపాన్‌లోనూ పశ్చిమ యూరప్‌లోనూ రెండేళ్లు తిరిగి ఒక్క బాప్తిస్మం కూడా చూడకుండా ఇంటికొచ్చేవాళ్లు ఉన్నారు. మారినవాళ్లలోనూ తలుపు తట్టగా దొరికినవాళ్లు తక్కువ. సభ్యుల స్నేహితులూ చుట్టాలూ ఎక్కువ. ఇది చర్చికి తెలియని విషయం కాదు. అందుకే జపాన్ లాంటి చోట్ల వారానికోసారి ఉచితంగా ఇంగ్లీషు క్లాసులు పెడతారు, ఊళ్లో సాయం పనులు చేస్తారు. వ్యాపారం లెక్కన చూస్తే ఇంత డబ్బుకి, ఇంతమంది శ్రమకి ఈ ఫలితం చాలా తక్కువ.

మరి ఎందుకు నడుపుతున్నారు? నాకు అర్థమైనంత వరకూ, మిషన్‌లో అందరికంటే ఎక్కువగా మారేది తలుపు తట్టేవాడే. ఈ చర్చిలో ఊరి స్థాయిలో జీతం తీసుకునే పాస్టర్లు ఉండరు. బిషప్ అంటే పగలు అకౌంటెంటో డెంటిస్టో అయి ఉంటాడు, సాయంత్రాలూ ఆదివారాలూ చర్చి పని చూస్తాడు, ఐదారేళ్లకి ఇంకొకరికి అప్పగిస్తాడు. ఇలా నడవాలంటే నలుగురిలో నిలబడి మాట్లాడగలిగేవాళ్లు, కాదనిపించుకున్నా కుంగిపోనివాళ్లు, ఇంటికెళ్లి పలకరించగలిగేవాళ్లు, సంపాదనలో పదోవంతు చర్చికి ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ వందల్లో కావాలి. వాళ్లని తయారుచేసే కాలేజీ ఈ రెండేళ్లే. పైగా ఒక సంగతిని రోజూ పదిమందికి చెబుతుంటే, చెప్పేవాడికే అది గట్టిపడుతుంది. ట్యూషన్ చెప్పినవాళ్లకి ఇది అనుభవమే.

మిట్ రామ్నీ ఉదాహరణ చూడండి. 2012లో ఒబామా మీద పోటీచేసిన ఆయన, 1966 నుంచి రెండున్నరేళ్లు ఫ్రాన్స్‌లో మిషనరీ. అప్పట్లో పరాయి భాష నేర్చుకునేవాళ్లకి 30 నెలలు ఉండేది. వైన్ పండే బోర్డో ప్రాంతంలో వైన్ తాగొద్దని చెప్పడం ఆయన ఉద్యోగం. ఎంతమంది విని ఉంటారో ఊహించుకోండి. 1968లో ఆయన నడుపుతున్న కారుని ఇంకో కారు ఎదురుగా వచ్చి గుద్దింది. మిషన్ ప్రెసిడెంట్ భార్య చనిపోయింది. పోలీసు ఒకరు రామ్నీ కూడా పోయాడనుకుని పాస్‌పోర్టు మీద అలాగే రాసేశారు. కోలుకుని మళ్లీ పనిలో పడ్డాడు. తర్వాత బోస్టన్‌లో వ్యాపారం చేసుకుంటూనే బిషప్‌గా, ఆ పైన స్టేక్ ప్రెసిడెంట్‌గా జీతం లేకుండా పనిచేశాడు. స్టేక్ అంటే కొన్ని సంఘాల కూటమి, దానికి పెద్ద ఆయన. ఫ్రాన్స్‌ని మార్చలేకపోయాడు, తను మాత్రం ఆ చర్చి మనిషిగా స్థిరపడిపోయాడు.

అన్ని దేశాల్లోనూ ఇలా బెల్ కొట్టడం కుదరదు. చైనా ప్రధాన భూభాగంలో వీళ్ల మిషనరీలు లేరు. రష్యాలో 2016లో మత ప్రచారం మీద కొత్త చట్టం రాగానే పేరు ‘వాలంటీర్లు’గా మారింది, బహిరంగంగా బోధించడం ఆగిపోయింది. 2019లో ఇద్దరు వాలంటీర్లని నోవోరోసీస్క్‌లో అదుపులోకి తీసుకుని, అనుమతి లేకుండా ఇంగ్లీషు చెబుతున్నారని దేశం నుంచి పంపేశారు.

మన దేశం సంగతి వేరు. 1850ల్లోనే కలకత్తాకి, మద్రాసుకి మార్మన్ మిషనరీలు వచ్చారు గానీ నిలదొక్కుకోలేక వెళ్లిపోయారు. తెలుగు నేల మీద కథ మొదలైంది మిషనరీల వల్ల కాదు, సమోవా దీవుల్లో ఉద్యోగం చేసిన ఒక తెలుగు శాస్త్రవేత్త దంపతుల వల్ల. వాళ్లు అక్కడ ఈ చర్చిలో చేరి, 1978 చివర్లో హైదరాబాద్ వచ్చినప్పుడు తమ చుట్టాల్లో 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. ఆడపడుచు తరఫు, మేనమామ తరఫు అని మన కబుర్లు ఎలా పాకుతాయో ఇదీ అలాగే పాకింది. దేశంలో మొదటి స్టేక్ 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. మార్మన్ గ్రంథం తెలుగులోనూ ఉంది. విదేశీ మిషనరీలకి ఇక్కడ వీసాలు తేలిగ్గా దొరకవు కాబట్టి, మన ఊళ్లలో నల్ల బ్యాడ్జీతో కనిపించేవాళ్లు ఎక్కువగా భారతీయ పిల్లలే.

మళ్లీ మన జపాన్ కుర్రాడి దగ్గరికి. వారానికి ఒకరోజు, సాధారణంగా సోమవారం, వాడికి సెలవు లాంటిది. ‘పీ-డే’ అంటారు. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, క్షవరం, అన్నీ సాయంత్రం ఆరులోపే. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోన్ చేసే వీలు ఏడాదికి రెండుసార్లే ఉండేది, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. మిగతా రోజుల్లో ఉత్తరాలు, తర్వాత ఈమెయిళ్లు. ఇప్పుడు ప్రతి పీ-డేకీ వీడియో కాల్ చేసుకోవచ్చు. పాతతరం వాళ్లు “ఇలాగైతే పిల్లల మనసు ఇంటి మీదే ఉంటుంది” అని గొణుగుతారు. ఇంటి మీదే మనసున్నవాణ్ణి మిషనరీల యాసలో ‘ట్రంకీ’ అంటారు, అంటే మనసులో ట్రంకు పెట్టె సర్దేసుకున్నవాడు. మొదటి జతగాణ్ణి ‘నాన్న’ అంటారు. ఆఖరి జతగాడు వాణ్ణి ‘చంపుతాడు’. ఇంటికి వెళ్లడమంటే చావన్నమాట. దేవుడి పని మీద ఉన్నా కుర్రాళ్లు కుర్రాళ్లే.

గడువు కాకుండానే ‘చచ్చేవాళ్లు’ కూడా ఉంటారు. ఒంట్లో బాగోక, దిగులు ముదిరి, నమ్మకం సడలి, మధ్యలో వెనక్కి వస్తారు. అమెరికాలో ఎంఎస్ వదిలేసి ఇంటికొచ్చిన కుర్రాడి మొహం మన వీధిలో ఎలా ఉంటుందో వాళ్ల మొహం అక్కడ అలా ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు, అందరూ చూస్తారు. ఆరోగ్యం సహకరించనివాళ్లకి ఇంటి దగ్గరే ఉండి సేవ చేసే మిషన్లు పెట్టారు గానీ, ‘ఎక్కడ సర్వ్ చేశావ్?’ అన్న ప్రశ్న ఆగలేదు. యూటాలో పెళ్లి సంబంధాల మాటల్లోనూ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోనూ ఆ ప్రశ్నకి మంచి జవాబు ఉంటే పని సగం అయినట్టే. పెస్ట్ కంట్రోల్, సోలార్ ప్యానెళ్లు ఇంటింటికీ తిరిగి అమ్మే కంపెనీలు వేసవిలో వీళ్లకోసమే కాచుక్కూర్చుంటాయి. తలుపు ముఖం మీద వేసినా నవ్వగలిగేవాడు మరెక్కడ దొరుకుతాడు?

గడువు పూర్తయినవాడికి ఎయిర్‌పోర్టులో బెలూన్లు, పేరు రాసిన బ్యానర్లు. అమ్మ కౌగిలించుకుని వదలదు. అయినా వాడింకా మిషనరీయే. స్టేక్ ప్రెసిడెంట్ దగ్గరికి వెళ్లి, విడుదల చేశానని ఆయన అనేదాకా నియమాలన్నీ అలాగే ఉంటాయి. ఆ మాట అన్నాక బ్యాడ్జీ తీసి జేబులో వేసుకుంటాడు. మర్నాడు ఆరున్నరకే మెలకువ వస్తుంది, పక్కన రెండో మంచం ఉండదు. పాలు తెమ్మని అమ్మ పంపితే చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లి, అలవాటుగా జతగాడి కోసం ఆగుతాడు.